సొమ్ముకు సలహాదారుని ఎంచుకొనుట ఎట్లు?

రైతు ఇంటికి పెద్ద మొత్తము సొమ్ము ఒక్కసారిగా వచ్చు సందర్భములు మిక్కిలి తక్కువ. రహదారికో, కాలువకో, రైలు మార్గమునకో భూమి పోయి నష్టపరిహారము వచ్చినపుడు, పట్టణమునకు దగ్గరనున్న మెట్ట భూమి అమ్మినపుడు, మిరపకు గాని పసుపుకు గాని మంచి ధర పలికిన యేడు, ఇంటిలోని ఉద్యోగి పదవీ విరమణ చేసినపుడు అట్టి సొమ్ము చేతికి వచ్చును. అది బ్యాంకు ఖాతాలో పడి వారము తిరుగకముందే సలహాలు చెప్పువారు అరుగు మీదికి వచ్చి కూర్చుందురు. వారిలో దూరపు చుట్టముండును, పొరుగూరి ఏజెంటుండును, బ్యాంకు ఉద్యోగి యుండును. ఈ దినములలో వాట్సాపులో మాటలాడుచు ముఖము చూపనివాడును ఉండును. అందరును "మీ మేలు కోరియే చెప్పుచున్నాము" అనియే అందురు.

తెగులు తగిలి పంట పోయినచో మరుసటి యేడు మరల విత్తుకొనవచ్చును. భూమికి బదులుగా వచ్చిన సొమ్ము పోయినచో మరల విత్తుటకు భూమియు ఉండదు, సొమ్మును ఉండదు. కావున సొమ్ము ఎచ్చట పెట్టవలెనను ప్రశ్నకు ముందుగా, ఎవరి మాట వినవలెనను ప్రశ్నకు జవాబు తెలిసికొనవలెను. ఈ పాఠము దానిని గూర్చియే.

ఒక కుటుంబము లెక్క

ఉదాహరణకు ఒక రైతుకు రహదారి కొరకు భూమి పోయి రూ. 40,00,000 పరిహారము వచ్చినదనుకొందము. ఆయనకు ఇంకను మూడెకరముల మాగాణి కలదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద రూ. 2,00,000 పంట రుణమున్నది. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రూ. 3,00,000 చేబదులు కూడ ఉన్నది. కుమార్తె డిగ్రీ చదువుచున్నది, కుమారుడు హైస్కూలులో ఉన్నాడు.

ఈయన వద్దకు ఇద్దరు సలహాదారులు వచ్చిరనుకొందము. మొదటివాడు వచ్చుటతోడనే సంచిలోనుండి రంగురంగుల కాగితములు తీసెను. ఏటేటా రూ. 4,00,000 చొప్పున పదునైదేండ్లు కట్టవలసిన బీమా పాలసీ తీసికొమ్మనెను. ఈ నెలాఖరు దాటినచో అవకాశము పోవుననెను. రెండవవాడు కాగితములేవియు తీయలేదు. అప్పులెన్ని, వడ్డీ ఎంత, పిల్లల చదువులకు ఎప్పుడెంత కావలెను, మిగిలిన మూడెకరములపై ఏటికెంత మిగులును అని అడిగి వ్రాసికొనెను. తరువాత, "ముందుగా ఆ మూడు లక్షల చేబదులు తీర్చివేయుడు" అనెను.

లెక్క చూడుడు. నూటికి నెలకు రెండు రూపాయలన్న ఏటికి నూటికి 24. మూడు లక్షలకు ఏటి వడ్డీ రూ. 72,000. అదే మూడు లక్షలు నూటికి 7 వడ్డీ వచ్చు డిపాజిట్టులో ఉంచినచో వచ్చునది రూ. 21,000. అప్పు తీర్చుట వలన ఏటికి రూ. 51,000 మిగులును. పంట రుణము సంగతి వేరు. దానిని గడువులో తీర్చినవారికి, మూడు లక్షల వరకు, వడ్డీ రాయితీ పోను నూటికి 4 మాత్రమే పడును. కావున దానిని గడువు తప్పకుండ తిరుగవేసికొనిన చాలునని రెండవవాడు చెప్పెను.

మొదటివానికి ఈ లెక్క తెలియదా? తెలియకపోలేదు. అప్పు తీర్చుమని చెప్పినచో అతనికి కమీషను రాదు. పాలసీ కట్టించినచో మొదటి యేటి ప్రీమియములో చెప్పుకోదగిన భాగము కమీషనుగా వచ్చును. పంట ఒక యేడు పండి ఒక యేడు పండని రైతు ఏటేటా నాలుగు లక్షలు ఎట్లు కట్టగలడని అతడు అడుగలేదు. మధ్యలో మానివేసినచో కట్టిన సొమ్మంతయు తిరిగి రాదు.

సలహాకు కూలి ఎవరిచ్చుచున్నారు?

వరిలో దోమ పడినపుడు పురుగుమందుల దుకాణమునకు పోయి మందేదని అడిగినచో, దుకాణదారుడు తన అలమరలో ఉన్న మందునే ఇచ్చును. "ఈ యేడు మందు అక్కరలేదు, పొలములో నీరు తీసి ఆరగట్టుడు" అని చెప్పుట అతనికి గిట్టదు. అతడు చెడ్డవాడని కాదు; అతని బ్రతుకు అమ్మకము మీద ఉన్నది. అదే ప్రశ్న వ్యవసాయాధికారిని అడిగినచో, మందు అమ్ముడైనను కాకున్నను అతని జీతము మారదు గనుక, ఉన్నది ఉన్నట్లు చెప్పగలడు.

సొమ్ము విషయములోను ఇంతే. సలహాదారుని మాట తీరు, బట్టలు, కారు, చుట్టరికము చూచుటకు ముందు అతనికి కూలి ఎవరిచ్చుచున్నారో చూడవలెను. ఈ దృష్టితో చూచినచో మన వద్దకు వచ్చువారు నాలుగు తరగతులుగా ఉందురు.

1. బీమా ఏజెంట్లు, మ్యూచువల్ ఫండ్ పంపిణీదారులు. వీరికి లైసెన్సు గాని నమోదు గాని ఉండును. వీరి వృత్తి చట్టబద్ధమైనదే. కాని వీరు అమ్మకందార్లు. కూలి కంపెనీ ఇచ్చును. మ్యూచువల్ ఫండులో సొమ్ము ఉన్నంతకాలము ఏటేటా పంపిణీదారునికి కమీషను పోవుచుండును. అది మన సొమ్ము విలువనుండియే తరుగును. 2013 జనవరి నుండి అదే ఫండును మధ్యవర్తి లేకుండ "డైరెక్ట్" పద్ధతిలో కొనుటకు వీలు కలిగినది. రెండు పద్ధతుల నడుమ ఖర్చు తేడా నూటికి ఒక రూపాయి అనుకొనినను, పది లక్షల మీద ఏటికి రూ. 10,000 అగును.

2. బ్యాంకు ఉద్యోగులు. బ్యాంకులు బీమా కంపెనీలకు ఏజెంట్లుగా కూడ ఉండును. బ్యాంకు బల్ల మీద సంతకము పెట్టినంత మాత్రమున అది డిపాజిట్టు కాదు. "ఇది ఫిక్సెడ్ డిపాజిట్టా, బీమా పాలసీయా?" అని స్పష్టముగా అడిగి, కాగితము మీద ఏమున్నదో చదివించుకొనవలెను.

3. నమోదైన పెట్టుబడి సలహాదారులు. వీరు 2013 నాటి నిబంధనల క్రింద సెబి వద్ద నమోదు చేసికొందురు. నిర్ణీతమైన చదువు, పరీక్షలు వీరికి ఉండవలెను. వీరికి కూలి ఇచ్చువాడు సలహా అడిగినవాడే. విడిగా ఈ వృత్తి చేయు వ్యక్తి పథకములు అమ్మి కమీషను తీసికొనరాదు. సలహా అడిగినవాని మేలే ముందుగా చూడవలెనని నిబంధన. వీరి సంఖ్య తక్కువ. ఎక్కువమంది పెద్ద నగరములలోనే ఉన్నారు. అయినను ఫోనులో మాటలాడి సలహా పొందుటకు వీలున్నది.

4. ఏ నమోదును లేనివారు. వీరికి కూలి ఎవరిచ్చుచున్నారో తెలియదు. సాధారణముగ మనము కట్టిన సొమ్మే వీరి కూలి.

మొదటి రెండు తరగతులవారి వద్ద వస్తువు కొనవచ్చును. కాని కొనవలసినదేదో వారిచేతనే నిర్ణయింపజేయరాదు. "రుసుము ఇచ్చి సలహా కొనుట ఎందుకు, ఏజెంటు ఉచితముగనే చెప్పుచున్నాడు గదా" అని కొందరందురు. ఉచితమన్న సలహాకు ధర లేకపోలేదు. అది మనకు కనబడదు, అంతే.

చీటీ చూడనిదే విత్తనము కొనము

ధ్రువీకరించిన విత్తనముల సంచికి నీలిరంగు చీటీ ఉండును. ఆ చీటీ లేనిచో ఎంత మంచిమాట చెప్పినను తెలిసిన రైతు సంచి ఎత్తడు. సలహాదారునికి అట్టి చీటీ అతని నమోదు సంఖ్య. సెబి వద్ద నమోదైన పెట్టుబడి సలహాదారుని సంఖ్య "ఐ.ఎన్.ఏ." అను అక్షరములతో మొదలగును. మ్యూచువల్ ఫండ్ పంపిణీదారునిది "ఏ.ఆర్.ఎన్." సంఖ్య. ఈ రెండును ఒకటి కావని గుర్తుంచుకొనవలెను. తన కార్డు మీద "ఆర్థిక సలహాదారు" అని అచ్చు వేయించుకొని, లోపల ఏ.ఆర్.ఎన్. సంఖ్య మాత్రమే ఉన్నవాడు అమ్మకందారుడే.

సంఖ్య చెప్పినంత మాత్రమున చాలదు. నకిలీ చీటీలున్నట్లే నకిలీ సంఖ్యలును, ఇతరుల సంఖ్యలు చెప్పువారును ఉన్నారు. సెబి వెబ్‌సైటులో నమోదైనవారి జాబితా ఉన్నది. అందులోని పేరు, చిరునామా, ఫోను మనకు చెప్పినవాటితో సరిపోవునో లేదో చదువుకొన్న పిల్లలచేత చూపించవలెను. వచ్చినవాడిచ్చిన ఫోనుకు గాక జాబితాలో ఉన్న ఫోనుకు మనమే మాటలాడవలెను.

ఇంకొక్క మాట. చీటీ ఉన్న విత్తనము వేసినను వాన లేనిచో పంట రాదు. అట్లే నమోదు ఉన్నంత మాత్రమున లాభము తథ్యమని కాదు. నమోదు వలన వచ్చునది, తప్పు చేసినపుడు అడుగుటకు ఒక తావు ఉండుట మాత్రమే. నిజమైన సలహాదారుడెవడును మార్కెట్టు పెట్టుబడి మీద "ఇంత వచ్చి తీరును" అని హామీ ఇవ్వడు; ఇచ్చుటకు నిబంధనలు ఒప్పవు. హామీ ఇచ్చినచో ఆ మాట ఒక్కటియే అతనిని పంపివేయుటకు చాలును.

మొలక పరీక్ష సొమ్ముకు పనికిరాదు

విత్తుటకు ముందు మనము నూరు గింజలను తడిగుడ్డలో కట్టి మొలక చూచుకొందుము. వరి అయినచో నూటికి 80 మొలిచినచో మంచి విత్తనమందుము. ఇదే అలవాటున, "ముందు పదివేలు కట్టి చూతము, వడ్డీ సరిగా వచ్చినచో మిగిలినది కట్టుదము" అని అనేకులు అనుకొందురు. ఇది తెలివిగా తోచును గాని, మోసగాండ్ర విషయములో ఈ పరీక్ష పనికిరాదు. ఎందువలననగా మొదటి చెల్లింపులే వాని ఎర.

ఒక సంస్థ నూరుమంది రైతుల వద్ద తలా ఒక లక్ష చొప్పున కోటి రూపాయలు వసూలు చేసినదనుకొందము. నెలకు నూటికి మూడు రూపాయలు ఇత్తుమని చెప్పినది. ఏజెంట్లకు పది లక్షలు కమీషను పోయినది. చేతిలో 90 లక్షలు మిగిలినవి. నెలకు చెల్లించవలసినది మూడు లక్షలు. ఆ సంస్థ ఏ వ్యాపారమును చేయకపోయినను, ఒక్క పైసా సంపాదింపకపోయినను, మనము కట్టిన సొమ్ములోనుండియే 30 నెలలు, అనగా రెండున్నర సంవత్సరములు, ఒక్క దినము తప్పక వడ్డీ చెల్లించగలదు. ఆ రెండున్నర ఏండ్లలో ఊరంతయు నమ్మును. కొత్తవారు చేరినకొలది గడువు ఇంకను పెరుగును. కావున "మా బావకు మూడేండ్లనుండి సరిగా వచ్చుచున్నది" అను మాట రుజువు కానేరదు.

విజయవాడ కేంద్రముగ నడచిన అగ్రిగోల్డ్ సంగతి మన రెండు రాష్ట్రములవారికిని తెలిసినదే. స్థలములు గాని వడ్డీతో సొమ్ము గాని ఇత్తుమని చెప్పి అనేక సంవత్సరములు డిపాజిట్లు వసూలు చేసిన ఆ సంస్థ చెల్లింపులు 2014–15 ప్రాంతమున నిలిచిపోయెను. సుమారు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు అందులో చిక్కుకొన్నట్లు విచారణలో తేలినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో రూ. 10,000 లోపు, 2021లో రూ. 20,000 లోపు డిపాజిట్లవారికి సొమ్ము ఇచ్చినది. పెద్ద మొత్తములవారు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చినది. డిపాజిట్లు సేకరించిన ఏజెంట్లలో అనేకులు గ్రామములలోని సామాన్యులే. వారును తమ సొమ్ము, తమ చుట్టముల సొమ్ము అందులోనే పెట్టిరి. కావున "చెప్పినవాడు మన పిల్లవాడే, మోసము చేయడు" అనుట నిజమైనను రక్షణ కాదు. ఆ పిల్లవాడును మోసపోయి యుండవచ్చును.

ఎంత వడ్డీ అన్న నమ్మదగినదో తెలిసికొనుటకు ఒక సులువైన లెక్క కలదు. 72ను వడ్డీ రేటుతో భాగించినచో సొమ్ము ఎన్నేండ్లకు రెట్టింపగునో వచ్చును. నూటికి 7 వడ్డీకి పదేండ్లకు పైన పట్టును. మూడేండ్లలో రెట్టింపు చేయుదుమన్నవాడు ఏటికి నూటికి 24కు పైగా ఇత్తునన్నట్లు. అంత లాభము నిజముగా సంపాదింపగలవాడు తక్కువ వడ్డీకి బ్యాంకులో అప్పు తెచ్చుకొనును గాని మన అరుగు మీదికి రాడు.

అడుగవలసిన ప్రశ్నలు

సలహాదారుడు వచ్చినపుడు ఈ ప్రశ్నలు వరుసగా అడిగి, జవాబులు ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను.

1. మీ నమోదు సంఖ్య ఏది? ఏ సంస్థ ఇచ్చినది?
2. నేను మీ మాట విన్నచో మీకు ఎంత వచ్చును? ఎవరిచ్చెదరు?
3. నాకున్న అప్పులు ముందు తీర్చవలెనా, వద్దా? ఎందుకు?
4. ఈ పథకములో నేను నష్టపోవు మార్గములేవి?
5. వచ్చే యేడు పంట పోయి సొమ్ము అవసరమైనచో ఎన్ని దినములలో, ఎంత తరుగుతో తిరిగి వచ్చును?
6. మీరు చెప్పినదంతయు కాగితము మీద వ్రాసి సంతకము చేసి ఇత్తురా?
7. నేను మూడు నెలలు ఆలోచించుకొందును. మీకు అభ్యంతరమా?

రెండవ ప్రశ్నకు కోపగించుకొన్నవానిని, నాలుగవ ప్రశ్నకు "నష్టమే లేదు" అన్నవానిని, ఆరవదానికి తప్పుకొన్నవానిని, ఏడవదానికి తొందరపెట్టినవానిని మర్యాదగా పంపివేయవలెను. మూడు నెలలు బ్యాంకులో ఊరక ఉంచినచో ఎంత నష్టము? 40 లక్షల మీద ఏటికి నూటికి నాలుగు రూపాయలు తగ్గినదనుకొనినను మూడు నెలలకు రూ. 40,000. తొందరపాటున పోవునది మొత్తము సొమ్మే.

ఈ మాటలు జరుగునపుడు ఇంటి ఇల్లాలు, చదువుకొన్న పిల్లలు తప్పక ప్రక్కన ఉండవలెను. మగవారు మొగమాటమునకు ఊరకుండుచోట ఇల్లాలు అడిగిన ఒక్క ప్రశ్న సంసారమును నిలబెట్టును.

సొమ్ము అతని చేతి మీదుగా పోరాదు

సలహాదారుని పని సలహా చెప్పుట. సొమ్ము పెట్టువారము మనము. డిపాజిట్టు సొమ్ము నేరుగా బ్యాంకుకు, ప్రీమియం నేరుగా బీమా కంపెనీకి, ఫండు సొమ్ము నేరుగా ఫండుకు పోవలెను. సలహాదారుని సొంత ఖాతాలో ఒక్క రూపాయి కూడ వేయరాదు. అతనికి వేయదగినది ఒప్పందములో వ్రాసిన రుసుము మాత్రమే. ఆ రుసుమును కూడ నగదుగా ఇవ్వరాదు. బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు పొందవలెను. ఖాళీ ఫారముల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకము గాని వేలిముద్ర గాని వేయరాదు. ఏ.టి.ఎం. రహస్య సంఖ్య, ఫోనుకు వచ్చు ఓ.టి.పి. ఎవరికిని చెప్పరాదు.

మంచి సలహాదారుడు చెప్పు సంగతి ఇంకొకటి కలదు. బ్యాంకు డిపాజిట్టుకు ఉన్న బీమా, 2020 ఫిబ్రవరి నుండి, ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు వడ్డీ కలిపి రూ. 5,00,000 వరకే. కావున సొమ్మంతయు ఒక చిన్న బ్యాంకులో ఉంచుట తగదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములో చేసిన డిపాజిట్టుకు ఈ బీమా వర్తింపదు. పరిహారము మీద ఆదాయపు పన్ను సంగతి మాత్రము చార్టర్డ్ అకౌంటెంటును విడిగా అడుగవలెను.

గ్రామాధికారులకు మనవి

పరిహారము పంచిన ఊరికి ఏజెంట్లు వత్తురని గ్రామాధికారులు ముందే ఎరుగుదురు. చెక్కులు ఇచ్చు దినముననే గ్రామసభలో ఈ ఏడు ప్రశ్నలు చదివి వినిపించినచో ఎంతో మేలగును. పంచాయతీ కార్యాలయపు గోడమీద అతికించినను మంచిదే. ఏ సంస్థ సభకైనను అధికారి వచ్చి వేదిక మీద కూర్చున్నచో, ఊరివారు దానిని ప్రభుత్వ పూచీగా తలంతురు. కావున అట్టి ఆహ్వానములను నిరాకరింపవలెను. 2019 నాటి చట్టము నియంత్రణ లేని డిపాజిట్ పథకములను నిషేధించినది. వానిని నడుపుటయే గాక, ప్రచారము చేయుటయు, చేరుమని కోరుటయు నేరమే. ఈ సంగతి ఊరిలోని నిరుద్యోగ యువకులకు ముందుగా చెప్పినచో, వారు తెలియక ఏజెంట్లుగా చేరి చిక్కులలో పడకుందురు.

పొరపాటు జరిగినచో

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట కంటె ముందుజాగ్రత్త మేలు. అయినను పొరపాటు జరిగినచో సిగ్గుపడి దాచరాదు. బీమా పాలసీ అక్కరలేదని తోచినచో, పాలసీ పత్రము అందిన 30 దినములలోపల తిరిగి ఇచ్చివేయు హక్కు కలదు; కొద్ది ఖర్చులు పోను ప్రీమియము వెనుకకు వచ్చును. ఫోను ద్వారా సొమ్ము కాజేసినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును. నమోదైన సలహాదారుని మీద సెబికి, నమోదు లేక డిపాజిట్లు వసూలు చేయువారి మీద పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. రసీదులు, సందేశములు, నోటుపుస్తకములో వ్రాసికొన్న జవాబులు అప్పుడు సాక్ష్యమగును.

సారాంశము

రైతు సోదరులారా! మూడు సంగతులు మరువకుడు. సలహాకు కూలి ఎవరిచ్చుచున్నారో అడుగుడు. చీటీ చూచి, జాబితాలో సరిచూచుకొనుడు. సొమ్మును సలహాదారుని చేతి మీదుగా పోనీయకుడు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, నాగలికి కట్టి చూచి గాని మీరు బేరము కుదుర్చుకొనరు. తాత తండ్రులు దున్నిన భూమికి బదులుగా వచ్చిన సొమ్మును ఒకని మాట మీద పెట్టునపుడు, ఆ ఎద్దు విషయములో చూపు శ్రద్ధనైనను చూపుడు.